తట్టుకునే రకానికీ అగ్గి తెగులు: మందు మీద మందు కొట్టకండి

ప్రశ్న: అగ్గి తెగులును తట్టుకుంటుందని మూడేళ్లుగా ఒకే వరి రకం వేస్తున్నాను. ఈసారి నాటిన 40 రోజులకు ఆకుల మీద మచ్చలొచ్చాయి. జింకు లోపమని, విత్తనం కల్తీ కూడా అయి ఉంటుందని దుకాణంలో చెప్పారు. జింకు, తెగులు మందు అజాక్సీస్ట్రోబిన్ కలిపి పది రోజుల్లో మూడుసార్లు పిచికారీ చేశాను. పైరు తేరుకోవాలని యూరియా కూడా వేశాను. మచ్చలు పెరుగుతూనే ఉన్నాయి. ఇంకేం కొట్టాలి?

సమాధానం: మీ ఫొటోల్లో ఉన్నది జింకు లోపం కాదు, అగ్గి తెగులే. జింకు లోపమైతే ముదురు ఆకులపై తుప్పు రంగు చిన్న మచ్చలు పడతాయి. మీ మచ్చలు నూలు కండె ఆకారంలో, నడుమ బూడిద రంగుతో, చుట్టూ గోధుమ అంచుతో ఉన్నాయి. రకానికున్న నిరోధక శక్తి పనిచేసి ఉంటే తెగులు గుండుసూది తలంత చుక్క దగ్గరే ఆగిపోయేది. నమ్మకం కుదరకపోతే మచ్చలున్న ఆకు ముక్కను తడి దూదితో పాటు డబ్బాలో రాత్రంతా మూసి ఉంచండి. పొద్దున భూతద్దంతో చూస్తే మచ్చ నడుమ బూడిద నూగు కనిపిస్తుంది. అవే తెగులును వ్యాపింపజేసే శిలీంధ్రం బీజాలు.

విత్తనం కల్తీ అనడం తొందరపాటు. మూడేళ్లు ఆగిన తెగులు ఇప్పుడు వచ్చిందంటే నా అనుమానం ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం జన్యువుల మీదే. చాలా రకాల్లో రక్షణ ఒక్క జన్యువుపైనే ఆధారపడి ఉంటుంది. ఉదాహరణకు పై-టా అనే వరి జన్యువు ఉంటే, శిలీంధ్రం వదిలే ఏవీఆర్-పైటా ప్రొటీన్‌ను మొక్క పసిగట్టి, ఆ చోటి కణాలను తానే చంపుకుని తెగులును అక్కడే ఆపేస్తుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు శిలీంధ్రం క్రోమోజోమ్ చిట్టచివర ఉంటుంది. తేలిగ్గా తెగిపోయే చోటు అది. జన్యువు ఊడిపోయినా, మధ్యలో వేరే డీఎన్‌ఏ ముక్క దూరినా, కీలకమైన చోట ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారినా వరి ఇక గుర్తుపట్టలేదు. ఏటా అదే రకం వేస్తే అలా మారిన బీజాలే పొలంలో నిలదొక్కుకుంటాయి.

మందు సంగతీ ఇంతే. అజాక్సీస్ట్రోబిన్ దెబ్బతీసేది శిలీంధ్రంలోని సైటోక్రోమ్ బి అనే ప్రొటీన్‌ను. అందులో 143వ స్థానం మారితే చాలు, శిలీంధ్రం ఆ మందుకు లొంగదు. పది రోజుల్లో మూడుసార్లు అదే మందు కొట్టడమంటే లొంగేవాటిని చంపి, లొంగనివాటికి పొలం అప్పగించడమే. ఆకు చూడకుండా మందు చేతిలో పెట్టేవారి మాట ఇకనైనా వినకండి. యూరియాతో ఆకు మెత్తబడి తెగులుకు ఇంకా లోకువైంది.

కొత్త ఆకులపై మచ్చలు ఆగేదాకా యూరియా వేయకండి. పొలం ఆరగట్టవద్దు, 2–3 సెం.మీ. నీరు ఉంచండి. బెట్ట తగిలితే అగ్గి తెగులు ఎక్కువవుతుంది. ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు లీటరు నీటికి 0.6 గ్రా. చొప్పున, ఎకరాకు 200 లీటర్ల నీటిలో 120 గ్రా. కలిపి పైరంతా తడిసేలా పిచికారీ చేయండి. వేరే ఏదీ కలపవద్దు. ఆకుపై మొలిచిన బీజం ఒక బుడిపె కట్టుకుని, దాని గోడకు మెలనిన్ అనే నల్లటి పదార్థం పట్టించి, లోపల మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 80 రెట్ల ఒత్తిడితో ఆకును పొడుస్తుంది. ఈ మందు మెలనిన్ తయారీని ఆపుతుంది కాబట్టి కొత్తగా లోపలికి పోనివ్వదు, పాత మచ్చల్ని మాన్పదు. పాత ఆకులు చూసి మందు పనిచేయలేదనుకోకండి, పైన వచ్చే రెండు ఆకులు చూడండి. 10–12 రోజులకు వాటిపైనా మచ్చలుంటే ఐసోప్రోథయోలేన్ 1.5 మి.లీ. లేదా కాసుగామైసిన్ 2.5 మి.లీ. లీటరు నీటికి కలిపి కొట్టండి.

ఆకు మచ్చలు తగ్గినా, వెన్నులు 5 శాతం బయటికి వచ్చినప్పుడు మెడవిరుపు (వెన్ను మెడకు సోకే అగ్గి తెగులు) రాకుండా ఒక పిచికారీ తప్పనిసరి. మెడ నల్లబడ్డాక ఏ మందూ గింజను నింపదు. ఎప్పుడు కొట్టినా, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో ప్యాకెట్టు మీద చూసుకోండి.

ఈ పొలం గింజ విత్తనానికి ఉంచవద్దు. వచ్చే పంటకు పై9, పై54 లాంటి జన్యువులు రెండైనా కలిసి ఉన్న రకం అడగండి. పేరు మారి జన్యువు అదే ఉంటే లాభం లేదు. దంప నారుమడికైతే కిలో విత్తనాన్ని, గ్రాము కార్బండజిమ్ కలిపిన లీటరు నీటిలో 24 గంటలు నానబెట్టి మండె కట్టండి. గట్లమీద గడ్డి తీసేయండి, తెగులు అక్కడా బతుకుతుంది.

ఈలోగా మచ్చలున్న ఆకులు పది, పదిహేను కోసి నీడన ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టి రకం పేరు, నాటిన తేదీ, వాడిన మందులు రాసి పరిశోధనా స్థానానికి పంపండి. ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే కుళ్లిపోతాయి, మీ పొలంలో ఆ శిలీంధ్రం ఏ తెగ ఉందో తేల్చడం కుదరదు.