క్యాంపస్ బయట పని చేస్తే పోయేది ఏమిటి?

ప్రశ్న: మా పెద్దబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. మొదటి సెమిస్టర్ చదువుతున్నాడు. పొలం తాకట్టు పెట్టి 38 లక్షల రుణం తీసుకున్నాం. క్యాంపస్‌లో ఉద్యోగం దొరకలేదు. తెలిసినవారి గ్యాస్ స్టేషన్‌లో వచ్చే వారం నుంచి శని, ఆదివారాలు పని ఇస్తామని, డబ్బు చేతికే ఇస్తామని అంటున్నారు. అందరూ చేస్తున్నదే కదా, ఒకవేళ దొరికితే జరిమానా ఎంత ఉంటుంది? చిన్నవాణ్ని కూడా అమెరికాకే పంపాలా, జర్మనీ మేలా?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది, అడిగేవారిలో చాలామంది మీలాగే జరిమానా దగ్గరే ఆగిపోతారు. చలానా కట్టి బండి విడిపించుకోవడం మనకు అలవాటు కాబట్టి, ఏ తప్పుకైనా కట్టేయగల ఒక మొత్తం ఉంటుందనుకుంటాం. ఇక్కడ అలాంటి మొత్తం లేదు. మీ అబ్బాయికి పోయేది ఎఫ్-1 స్టేటస్, అంటే విద్యార్థిగా ఆ దేశంలో ఉండే హక్కు.

తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు, సెలవుల్లో అంతకు మించి, క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. బయట పనికి మాత్రం ముందస్తు అనుమతి తప్పనిసరి, మొదటి విద్యాసంవత్సరంలో అది సాధారణంగా లభించదు. జీతం నగదుగా తీసుకున్నంత మాత్రాన అది పని కాకుండా పోదు. చదువు సక్రమంగా ముగించినవారికి దేశం విడిచి వెళ్లడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఉల్లంఘన కారణంగా విద్యార్థి రికార్డు రద్దయినవారికి ఒక్క రోజు కూడా ఉండదు. స్టేటస్‌ను పునరుద్ధరించమని దరఖాస్తు చేసుకునే వీలు కొందరికి ఉన్నా, అనుమతి లేకుండా పని చేసినవారికి అది వర్తించదని నిబంధనలోనే రాసి ఉంది. మీరు రుణం తీర్చగలమని నమ్ముతున్నది చదువు తర్వాత అక్కడే ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతి 12 నెలలను, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు అయితే అదనంగా వచ్చే 24 నెలలను చూసుకునే కదా! శని, ఆదివారాల డాలర్ల కోసం ఆ 36 నెలల సంపాదనను పణంగా పెట్టమని అబ్బాయికి చెబుతారా? రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఈ సంగతి అడిగినప్పుడు దాచిపెడితే, అది అంతకంటే పెద్ద నేరమై శాశ్వతంగా ప్రవేశమే నిరాకరించడానికి దారి తీయవచ్చు.

“అందరూ చేస్తున్నదే కదా” అన్న మాట నన్ను బాధపెట్టింది, ఎందుకంటే అది మీ అబ్బాయి మాట కాదు, మీది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో అత్యధికులు మన తెలుగువారే. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో బయటపడిన ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అయితే, పని కోసం పేరుకు మాత్రమే చేరేవారిని పట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వమే మిషిగన్‌లో పెట్టిన నకిలీ సంస్థ. పక్కవాడూ అదే చేశాడన్న సమాధానం ఆ రెండు సందర్భాల్లోనూ ఎవరినీ కాపాడలేదు.

అమెరికా ఎం.ఎస్. మీద నాకు చాలాకాలంగా ఉన్న సందేహాన్ని కూడా దాచను. అక్కడి చదువు నాణ్యతను నేను శంకించడం లేదు. మన ఇళ్లలో దానికి వేసుకునే లెక్కను శంకిస్తున్నాను. వీసా కోసం అప్పు తెచ్చి బ్యాంకులో నిల్వ చూపించి, పని అయ్యాక తిరిగి ఇచ్చేసి, “ఖర్చులకు పార్ట్‌టైమ్ ఉంటుందిలే” అన్న కన్సల్టెన్సీ మాట మీద పిల్లవాణ్ని విమానం ఎక్కిస్తున్నాం. అంటే ఉల్లంఘన గ్యాస్ స్టేషన్‌లో మొదలవదు, ఆ బడ్జెట్ రాసుకున్న రోజునే మన ఇంట్లో మొదలవుతుంది, శిక్ష మాత్రం పిల్లవాడికి పడుతుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ మీరు వడ్డీ లెక్క వినిపిస్తుంటే, ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఇంకేం చేస్తాడు?

అయితే మీరు భయపడవలసిన పని లేదు. అతను ఇంకా ఆ పనిలో చేరలేదు కాబట్టి ఇప్పటికి పోయింది ఏమీ లేదు. డిసెంబరులో పట్టా పుచ్చుకుని వెళ్లినవారు ఖాళీ చేసే లైబ్రరీ, డైనింగ్ హాల్ ఉద్యోగాలు జనవరి సెమిస్టర్‌కు తెరుచుకుంటాయి, ఇప్పటి నుంచే దరఖాస్తు చేయమనండి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉంటుంది, అక్కడికి వెళ్లడం నామోషీ కాదని ఆ మాట మీ నోటితో చెప్పండి. మీకు తెలియకుండా అతను ఇప్పటికే ఒకటి రెండు రోజులు వెళ్లి ఉంటే, వెంటనే మానేసి ముందుగా ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి; విశ్వవిద్యాలయ అధికారులకు ఉల్లంఘనను నివేదించవలసిన బాధ్యత ఉంటుంది కాబట్టి వారి దగ్గరకు వెళ్లడం ఆ తర్వాతి మాట.

ఇక జర్మనీ సంగతి. అక్కడ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు క్యాంపస్ బయట కూడా చట్టబద్ధంగా పని చేయవచ్చు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఫీజు లేదు. కానీ నెలకు ఇంత అని మాత్రమే డబ్బు తీయనిచ్చే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు ముందే ఉంచాలి, ఉద్యోగం కావాలంటే జర్మన్ భాష రావాలి. పెద్దవాడి ఖర్చుకు నికరమైన దారి ఏర్పడేవరకు చిన్నవాడి ప్రయాణాన్ని ఒక ఏడాది ఆపమనే చెబుతాను. ఈ సోమవారం బ్యాంకుకు వెళ్లి, చదువు కాలంలో వాయిదాలకు ఎంతవరకు మినహాయింపు ఉందో, ఇప్పుడు వడ్డీ కట్టడం తప్పనిసరో కాదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. దానికంటే ముందు ఈ రాత్రే అబ్బాయికి ఫోన్ చేసి, ఆ పనికి వెళ్లవద్దని, వడ్డీ సంగతి మీరు చూసుకుంటారని చెప్పండి.