మిర్టిల్ బీచ్‌లో 12 మందికి ఏ గోల్ఫ్ కోర్సులు?

మార్చి చివర్లో మిచిగన్ నుంచి 12 మంది అమెరికాలోని సౌత్ కరోలినాలో ఉన్న మిర్టిల్ బీచ్‌కి గోల్ఫ్ ఆడటానికి వెళ్తున్నాం, నాలుగు రోజులు, సగం మంది ఆటకి కొత్తవాళ్లు, ఏ కోర్సులు ఆడాలి అన్నారు కదండీ. బస బేర్‌ఫుట్ రిసార్ట్‌లో పెట్టుకోండి. అక్కడే నాలుగు కోర్సులు (గోల్ఫ్ మైదానాలు), కాబట్టి రెండు రోజులు కారు తిప్పే పనే ఉండదు. వాటిలో కొత్తవాళ్లకి కష్టమైన డై కోర్సు వదిలేసి లవ్ కోర్సు ఆడండి.

మూడో రోజు పాలీస్ ఐలాండ్ వెళ్లండి, దాదాపు గంట దారి. అక్కడ ట్రూ బ్లూ, కాలడోనియా అనే కోర్సులు పక్కపక్కనే, రెండూ మైక్ స్ట్రాంట్జ్ డిజైన్ చేసినవే. పొద్దున ట్రూ బ్లూ ఆడండి, ఫెయిర్‌వేలు (బంతి కొట్టే గడ్డి దారులు) విశాలం. మధ్యాహ్నం కాలడోనియా. దాని 18వ హోల్‌లో నీళ్ల మీదుగా గ్రీన్‌కి (గుంత ఉండే నున్నటి గడ్డి చోటికి) కొట్టాలి, క్లబ్‌హౌస్ వరండాలో జనం చూస్తుంటారు! మాలో ముగ్గురి బంతులు నీళ్లలోకే పోయాయి. నాలుగో రోజు ఖాళీగా ఉంచండి, వాన పడితే పనికొస్తుంది.

నలుగురేసి చొప్పున మూడు వరుస టీ టైమ్‌లు (ఆట మొదలుపెట్టే సమయాలు) ఇప్పుడే బుక్ చేయండి. మార్చి చివర అక్కడ పీక్ సీజన్. పొద్దున చలి ఉంటుంది, స్వెటర్ మరవద్దు.