విద్యుద్యాంత్రికమా, విద్యుత్ యాంత్రికమా?

సందేహం: విశాఖపట్నంలో గాజువాక దగ్గరి ఒక కర్మాగారంలో ఎలక్ట్రోమెకానికల్ డిజైన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కార్మికుల కోసం మా యంత్రాల గురించి తెలుగులో చిన్న పుస్తకం రాస్తూ ‘విద్యుత్ యాంత్రిక’ అన్నాను. ‘విద్యుద్యాంత్రిక’ అనాలని ఒక మిత్రుడు, ‘విద్యుచ్ఛక్తి’లాగా ‘విద్యుచ్యాంత్రిక’ కావాలని మరొకరు అంటున్నారు. ఏది సాధువు? డిజైనును ‘నమూనా’ అనీ, టాలరెన్సును ‘సహనం’ అనీ రాయవచ్చునా?

సమాధానం: ‘విద్యుద్యాంత్రిక’ అన్నదే సాధువు. ‘విద్యుత్’ చివరి తకారం తన తరువాత వచ్చే వర్ణాన్ని బట్టి మారుతుంది. శకారం పరమైతే ఆ తకారం చకారమై, శకారం ఛకారమై ‘విద్యుచ్ఛక్తి’ ఏర్పడుతుంది. లకారం పరమైతే ‘విద్యుల్లత’. అచ్చులు గాని, య ర వలు గాని, గ ద బ వంటివి గాని పరమైతే దకారం వస్తుంది కనుకనే ‘విద్యుదయస్కాంతం’ అంటున్నాము. వాక్కు, యుద్ధం కలిసి ‘వాగ్యుద్ధం’ అయినట్లే ఇక్కడా యకారం ముందు జశ్త్వ సంధి (క, త వంటివి గ, దలుగా మారడం) జరుగుతుంది. మీ రెండవ మిత్రులు యకారం కూడా చ, శల లాగే తాలవ్యమే (అంగిలి నుంచి పలికేదే) కదా అని తలచి ఉండవచ్చు గాని, తకారాన్ని చకారం చేసే శ్చుత్వ సంధి శకార చవర్గాలకే పరిమితం. యకారానికి అది వర్తించదు.

‘విద్యుత్ శాఖ’ అని విడిగా రాయడం వాడుకలో స్థిరపడింది, అందులో దోషం లేదు. అయితే ‘విద్యుత్ యాంత్రిక’ అని విడదీస్తే విద్యుత్తు యాంత్రికానికి విశేషణంలా తోస్తుంది. మీ వృత్తిలో రెండూ సమానంగా కలుస్తాయి కాబట్టి సమాసమే మేలు.

‘నమూనా’ పారసీకం నుంచి వచ్చి మనదైపోయిన మాట. బట్టల కొట్టులోనైనా, పరీక్షశాలలోనైనా అది కళ్ళ ముందు ఉన్న వస్తువునే చెబుతుంది. డిజైను వస్తువు కంటే ముందు పుడుతుంది. అందువల్ల ఆ పనిని ‘రూపకల్పన’ అనీ, దాని ప్రకారం మొదట చేసి చూసే వస్తువును ‘నమూనా’ అనీ రాయండి. మీకు రెండు మాటలూ అవసరమే.

‘సహనం’ మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. సహనం మనిషి గుణం. మీ డ్రాయింగులో 25 మిల్లీమీటర్ల రంధ్రం పక్కన హెచ్7 అని ఉంటే, ఆ రంధ్రం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చునని అర్థం. అంటే ఒప్పుకునే తేడా 0.021 మిల్లీమీటరు. కనుక ‘ఒప్పుకునే తేడా’ అని రాస్తే లేతు మీద నిలబడిన మనిషికి వెంటనే తెలుస్తుంది. షాఫ్టు అందులో ఎలా కూర్చుంటుందో చెప్పడానికి ‘బిగువు’, ‘వదులు’ అన్న చక్కని తెలుగు మాటలు ఉండనే ఉన్నాయి.

బేరింగు, రిలే, కాంటాక్టరు వంటి వాటిని అనువదించే శ్రమ పడవద్దు. తెలుగు మాట బతికి ఉన్నచోట మాత్రం వదులుకోకండి: స్క్రూకు ‘మరమేకు’ ఉంది. (‘మరమ్మతు’కు ఈ ‘మర’తో సంబంధం లేదు, అది అరబ్బీ మూలం గలది.) 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంలోని ‘ఉక్కు’ మీ ఊరివారి నోట నేటికీ నిలిచి ఉంది కదా.

చివరగా, మీరు పంపిన పుటలో ‘తీగచుట్టకు విద్యుత్తు సరఫరా చేయబడినప్పుడు ఇనుప దిమ్మ ఆకర్షింపబడును’ అన్న వాక్యం వ్యాకరణానికి లోబడినదే గాని, ఇన్ని ‘బడు’లు తెలుగు నడకకు బరువు. దానిని ఇలా మార్చండి: ‘తీగచుట్టలో కరెంటు పారగానే అది ఇనుప దిమ్మను తనవైపు లాక్కుంటుంది, కరెంటు ఆగగానే స్ప్రింగు ఆ దిమ్మను వెనక్కి నెడుతుంది.’