పది తర్వాత బయాలజీ, మ్యాథ్స్, పెయింటింగ్: వేటిని ఉంచుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పాప సీబీఎస్‌ఈలో పది రాసింది. బొమ్మలు బాగా వేస్తుంది, బయాలజీ ఇష్టం, మ్యాథ్స్ నెట్టుకొస్తుంది. విశాఖలోనే చదివించాలి. సీబీఎస్‌ఈలోనే ఉంచి పదకొండులో పెయింటింగ్ ఇప్పించాలా, లేక ఇంటర్ బైపీసీలో వేయాలా?

ముందు తేల్చుకోవాల్సింది పెయింటింగ్ గురించి కాదండీ, మ్యాథ్స్ గురించి. బొమ్మలతో ముడిపడిన చదువుల్లో చాలావాటికి గ్రూపుతో పని లేదు. చిత్రకళ డిగ్రీ బీఎఫ్‌ఏకి, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బీడిజైన్‌కి, ఐఐటీల బీడిజైన్ కోసం రాసే యూసీడ్‌కి బైపీసీ పిల్లలూ వెళ్లొచ్చు, సీఈసీ పిల్లలూ వెళ్లొచ్చు. అక్కడ ప్రవేశ పరీక్షలో ఎలా గీశారో, ఎలా ఆలోచించారో చూస్తారు. ఆర్కిటెక్చర్ అలా కాదు. బీఆర్క్‌కి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండి తీరాలి. మూడోది కెమిస్ట్రీ అయినా బయాలజీ అయినా పర్వాలేదు. కాబట్టి ఉత్త బైపీసీలో చేరిన రోజే ఆర్కిటెక్చర్ దారి మూసుకుపోతుంది. పాపకి ఇళ్లు, వీధులు, గుళ్లు గీయడం మీద మోజు ఉందా, ఆకులు, పక్షులు, మనుషుల మీద ఉందా అన్నది ఓసారి ఆమె స్కెచ్ పుస్తకం తిరగేసి చూడండి. మొదటిదైతే మ్యాథ్స్ వదలొద్దు.

సీబీఎస్‌ఈలోనే ఉంటే ఇంగ్లీషు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, పెయింటింగ్ అని ఐదు తీసుకోవచ్చు. బయాలజీని ఆరోదిగా కలపొచ్చు గానీ బరువు చాలా ఎక్కువ. బోర్డు వైపు నుంచి సైన్స్, ఆర్ట్స్ అనే గోడ లేదు, ఉన్నదల్లా స్కూలు టైమ్ టేబుల్ గోడే. మ్యాథ్స్ అంటే 041 కోడ్ ఉన్నదే తీసుకోండి. అప్లైడ్ మ్యాథ్స్ (241) సులువని అటు తిప్పేవాళ్లుంటారు. అది కామర్స్, సోషల్ సైన్స్ వైపు వెళ్లేవాళ్ల కోసం పెట్టింది.

ఆరో సబ్జెక్టు గురించి ఒక అపోహ బాగా తిరుగుతోంది. మిగతా వాటిలో ఒకటి పోతే దాని స్థానంలో ఆరోది లెక్కేసి పాస్ ఇస్తారు, నిజమే. కానీ ఫిజిక్స్ పోయి పెయింటింగ్‌తో గట్టెక్కితే చేతికి సర్టిఫికెట్ వస్తుందే తప్ప, ఫిజిక్స్ పాసైనట్టు కాదు. బీఆర్క్ కౌన్సెలింగ్‌లో అది చెల్లదు.

ఇంటర్‌కి మారేట్టయితే ఎంపీసీ, బైపీసీల్లో పెయింటింగ్ ఉండదు, ఆ పని ఇంట్లోనో మాస్టారి దగ్గరో సాగాలి. బయాలజీ, మ్యాథ్స్ రెండూ కావాలంటే ఇంటర్ బోర్డు 2025–26 నుంచి ఎంబైపీసీ తెచ్చింది. అది నడిపే కాలేజీ దొరికితే మీ పాపకి సరిపోయే గ్రూపు అదేనని నా అభిప్రాయం. అయితే పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టే కాలేజీలో ఏ గ్రూపు ఇప్పించినా ఒకటే, బొమ్మ వేసే చెయ్యి రెండేళ్లు ఆగిపోతుంది.

పెయింటింగ్ స్కోరింగ్ సబ్జెక్టని తీసుకుంటే దెబ్బతింటారు. పన్నెండో తరగతి బయాలజీలో థియరీ 70, ప్రాక్టికల్ 30. పెయింటింగ్‌లో అది తిరగబడుతుంది: థియరీ 30, ప్రాక్టికల్ 70. ఆ థియరీ కూడా ఊరికే రాదు. పదకొండులో అజంతా, ఆలయ శిల్పం, కంచు విగ్రహాలు, పన్నెండులో రాజస్థానీ, పహాడీ, మొఘల్, దక్కనీ సూక్ష్మచిత్రాలు, ఆ తర్వాత బెంగాల్ స్కూల్ అనే చిత్రశైలి. చిత్రం పేరు, చిత్రకారుడు, మాధ్యమం, శైలి కచ్చితంగా రాయాలి. ప్రాక్టికల్‌లో వస్తువుల్ని చూసి వేసేదానికి 25, సొంత కూర్పుకి 25, పోర్ట్‌ఫోలియోకి (ఏడాది పొడవునా వేసిన బొమ్మల్లో ఎంచినవాటికి) 20. ఒక్కో బొమ్మకి మూడు గంటలు.

ఆ మూడు గంటల్లో పిల్లలు చేసే తప్పు దాదాపు ఒకటే. కుండ మీద మెరుపు దిద్దుతూ గంటన్నర గడిపేసి, వెనక గుడ్డ మడతలు తెల్లగా వదిలేస్తారు. మొదటి పది నిమిషాలు అగ్గిపెట్టంత చిన్న నమూనాలు రెండు మూడు వేసి, షీటులో వస్తువులు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవాలి. ఇంకో అరగంటలో గీత పని అయిపోవాలి. తర్వాత షీటంతా ఒక పలుచని పూత, అది ఆరాక నీడలు, వివరాలు చివరి నలభై నిమిషాల్లో. సాధనకి ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకోండి. లక్క మెరుపు, గుండ్రటి అంచులు రెండూ ఒకేచోట దొరుకుతాయి. పర్‌స్పెక్టివ్‌కి, అంటే దగ్గరా దూరం తేడా చూపే గీతకి, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉండనే ఉంది. ఆ గొట్టం లాంటి ఒంటిని పక్క నుంచి కాకుండా ముక్కు వైపు నుంచి గీయమనండి, తేడా తెలుస్తుంది.

పోర్ట్‌ఫోలియోకి ప్రకృతినీ వస్తువుల్నీ చూసి వేసినవి ఐదు (వాటిలో కనీసం రెండు స్టిల్ లైఫ్, అంటే బల్ల మీద అమర్చిన వస్తువులు), సొంత కూర్పులు రెండు, జానపద కళ మీద ఒకటి. జానపదానికి అందరూ మధుబని పట్టుకుంటారు, మనకి పక్కనే సవర గిరిజనుల చిత్రాలున్నాయి. డిసెంబరులో అన్నీ ఒక్కసారి వేస్తే గీత ఎదిగిన క్రమం కనబడదు, ఎగ్జామినర్‌కి అది ఇట్టే తెలిసిపోతుంది. జులై నుంచి నెలకి ఒకటో రెండో పూర్తి చేసి, షీటు వెనక వైపు ఆ రోజు తేదీ వేయించండి.

బొమ్మలు వచ్చిన పిల్లలకి బయాలజీలో వచ్చే చిక్కొకటుంది: గుండె బొమ్మకి షేడింగ్ మొదలుపెడతారు. అక్కడ షేడింగ్‌కి మార్కుల్లేవు. హెచ్‌బీ పెన్సిల్‌తో తెగని ఒకే గీత, లేబుల్ గీతలు ఒకదాన్నొకటి దాటకుండా, పేర్లు ఒకే వైపు అడ్డంగా. ఏడెనిమిది నిమిషాలు మించితే అది ఇంకో ప్రశ్న టైము తినేస్తుంది.

స్కూల్లో మూడు విషయాలు అడగండి. పెయింటింగ్‌కి వేరుగా టీచరున్నారా, వారానికి వరుసగా రెండు పీరియడ్లు ఇస్తారా, పోయిన బ్యాచ్‌లో ఎవరైనా బోర్డుకి ఈ సబ్జెక్టు రాశారా. మూడోదానికి నీళ్లు నమిలితే అక్కడ తీసుకోవద్దు. పదకొండులో రిజిస్ట్రేషన్ అయిపోయాక సబ్జెక్టు మార్చాలంటే స్కూలు ద్వారా బోర్డు అనుమతి తెచ్చుకోవాలి.

కాగితం మాటా చెబుతాను. మన సముద్రపు గాలికి పలుచని డ్రాయింగ్ షీటు తడి తగలగానే ఉబ్బి అలలు తేలుతుంది, రంగు ఆ పల్లాల్లో నిలిచి మరకలు కడుతుంది. రోజువారీ సాధనకి 150 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత, అంకె పెరిగేకొద్దీ మందం) చాలు, వాటర్ కలర్‌కి మాత్రం 300 జీఎస్‌ఎం హాఫ్ ఇంపీరియల్ సైజు షీటుని నాలుగంచులా బోర్డుకి టేపుతో బిగించాలి. పూర్తయినవి గోడకి ఆనించి పెట్టకండి, వానాకాలం బూజు పడుతుంది. పూత పూర్తిగా ఆరాక మధ్యమధ్య బటర్ పేపర్ వేసి, ఫోల్డర్‌ని బీరువాలో పై అరలో పడుకోబెట్టండి.