నాన్నకి గంటసేపు మాట పడిపోయింది.. సీరియల్లో చూపించిన జబ్బేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలాస దగ్గర పల్లె. నాన్నకి 58 ఏళ్లు, బీపీ ఉంది. నెల నుంచి మాత్రలు వేసుకోవడం లేదు. పోయిన వారం పొద్దున్నే ఉన్నట్టుండి మాట పడిపోయింది. మేం అడిగేది అర్థమవుతోంది, తల ఊపుతున్నారు, నోట మాట లేదు. చేతిలో చెంబు కూడా జారిపోయింది. గంటకల్లా మామూలైపోయారు. ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసమని బలానికి ఇంజెక్షన్ చేశారు. ఒక సీరియల్లో హీరోయిన్‌కి మాట రాకుండా చేసే అరుదైన జబ్బు చూపిస్తున్నారు, అచ్చం అలాగే ఉంది. దానికి జెనెటిక్ టెస్ట్ ఎక్కడ చేస్తారు?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ సీరియల్ నేను చూడలేదమ్మా. అది కథ కోసం అల్లుకున్న జబ్బే అయి ఉంటుంది. జెనెటిక్ టెస్టుకి డబ్బులు తగలెయ్యకండి.

నా కంగారంతా ఆ చెంబు గురించి. ఏ చేతిలోంచి జారిందో రాయలేదు. చాలామందికి మాటని నడిపించేది మెదడు ఎడమ భాగం, కుడిచేతిని ఆడించేదీ అదే. అక్కడికి వెళ్లే రక్తనాళంలో గడ్డ కాసేపు అడ్డుపడి తొలగిపోతే ఇలాగే ఉంటుంది. దీన్ని టీఐఏ అంటాం, మినీ స్ట్రోక్ అన్నమాట. మనిషిని చూడకుండా ఇదేనని ఖాయంగా చెప్పలేను. షుగర్ పడిపోయినా, ఫిట్స్ వచ్చినా మాట ఆగొచ్చు. కానీ ముందు అనుమానించాల్సింది దీన్నే.

గంటలో తగ్గిపోయిందని వారం ఊరుకున్నారు చూడండి, అదే తప్పు. ఇలా వచ్చిపోయాక పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లో అన్నిటికంటే ఎక్కువ. అది దాటారు, మంచిదే. అయినా మూడు నెలల దాకా నిశ్చింతగా ఉండలేం. బలం ఇంజెక్షన్‌తో ఒరిగేదేమీ లేదు. బీపీ మాత్రలు ఎవరు ఆపమన్నారు? తల తిరగడం లేదని మానేసే వాళ్లని రోజూ చూస్తున్నాను. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. అలాగని ఇప్పుడు రెండేసి వేసేయకండి. ఆస్పిరిన్ కూడా సొంతంగా మొదలుపెట్టొద్దు. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే ఇస్తాం.

ఇది చదవగానే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈసీజీ, మెడ రక్తనాళాల డాప్లర్, షుగర్, కొలెస్ట్రాల్ చూస్తారు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. నొప్పుల మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి.

ఈలోగా మళ్లీ మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108. పసరు, నీళ్లు, మాత్ర ఏదీ నోట్లో పొయ్యొద్దు, పొరబోతుంది. చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో రాసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తాం. పలాస నుంచి శ్రీకాకుళం రావడానికే అందులో చాలా పోతుంది.

వెళ్లేటప్పుడు పాత బీపీ చీటీ పట్టుకెళ్లండి. బలానికని చేసిన ఇంజెక్షన్ పేరు కూడా ఆర్‌ఎంపీ చేత కాగితం మీద రాయించుకోండి.