సుధకి, గీజరు పీకించే ముందు

సుధా,

మల్కాజిగిరి ఇంటి కింది పోర్షను నువ్వే దగ్గరుండి బాగు చేయించి అద్దెకిస్తున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. ఒకపక్క ఉద్యోగం, ఇంకోపక్క మేస్త్రీలతో బేరాలు. మీ నాన్న ఉంటే వీధంతా చెప్పుకునేవాడు. నాకూ అంత గర్వంగానే ఉంది. కానీ "పాత సామానంతా ఆదివారం ఒక్కరోజులో పీకించేస్తుందట" అన్న దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు.

సింకు, కుళాయిలు తీసేముందు గేట్ వాల్వు కట్టేయించు. కమోడ్ తీసిన గొట్టానికి వెంటనే మూత బిగించకపోతే ఇల్లంతా కంపు. టేకు గుమ్మాలు మేస్త్రీకి ఊరికే వదిలేయకు, పాత కలప కొనేవాళ్లని ఇద్దర్ని అడిగి అమ్ము. మొన్నటిదాకా ఉన్నవాళ్లు బిగించుకున్న చిమ్నీ అక్కడే ఉందట కదా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అలాంటివి ఇల్లు వాళ్ల చేతిలో ఉండగానే తీసుకెళ్లాలి, తర్వాత హక్కు ఉండదు. అయినా ఒక ఫోన్ చెయ్యి. మర్యాదగా ఉంటుంది.

వంటింట్లో సిమెంటు అటక పగలగొట్టిస్తావట. పాత ఇళ్లలో అటకని గుమ్మాల పైన బరువు మోసే దూలంతో, అంటే లింటెల్‌తో కలిపే పోసేవారు. ఇంజనీరు చూసేదాకా సుత్తి పడకూడదు. వెనక షెడ్డు మీద సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ముక్కలు చేస్తే ఆ పీచు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు చల్లి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దింపమను. వాటిని ఇటుక ముక్కల్లో కలపకుండా విడిగా పెట్టించు. మిగిలిన డెబ్రిస్ ఏ నాలాలోనో పోసి రానివ్వకు, ఫతుల్లాగూడలో, జీడిమెట్లలో రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి.

ఇక గీజరు. నా భయమంతా దీని గురించే.

సత్యనారాయణపురంలో మా మేడమీద పోర్షను నువ్వు చిన్నప్పుడు చూశావు. దసరాకి కొత్తవాళ్లు దిగుతున్నారని మీ పెదనాన్న హడావుడి. కారుతున్న పాత గీజరు తీయించాడు. ఎలక్ట్రీషియన్ వైర్లు కత్తిరించి, కొసలకి నల్ల టేపు చుట్టి, గోడలోకి తోసేశాడు. "స్విచ్ ఆఫ్‌లోనే ఉంది సార్, ఏం కాదు" అన్నాడు. టైల్స్ మేస్త్రీ గమేళా పట్టుకుని నిలబడి ఉన్నాడు. మీ పెదనాన్న సరేనన్నాడు. దానిమీద టైలు పడింది.

ఆ పాత వైరింగులో స్విచ్ కరెంటు తెచ్చే ఫేజు వైరు మీద కాకుండా, తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ వైరు మీద ఉంది. అంటే స్విచ్ ఆపినా ఫేజు గోడలోకి వస్తూనే ఉంది. కొన్నాళ్లకి ఆ ఇంటి పిల్లాడు టవలు రాడ్డు కోసమని సరిగ్గా అక్కడే మేకు కొట్టాడు. కింద తడి, కాళ్లకి చెప్పుల్లేవు. దబ్బుమన్న చప్పుడుకి పైకి పరిగెత్తాం. వాళ్ల నాన్న అప్పటికే మెయిన్ ఆపేశాడు. వాడు గోడకి జారబడి ఉన్నాడు, పెదాలు తెల్లబడి, బొటనవేలి కొస నల్లగా మాడి. బతికాడమ్మా. వాడికిప్పుడు పెళ్లయింది. ఆ సాయంత్రమే మీ పెదనాన్న ఆ బాత్రూం టైల్స్ అన్నీ పగలగొట్టించాడు. ఆ తర్వాత ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టరు లేని రోజు లేదు.

ఫ్యూజు ఎందుకు కొట్టేయలేదని నువ్వడుగుతావు. ఫ్యూజైనా, దాని బదులు ఇప్పుడు పెట్టే ఎంసీబీ స్విచ్ అయినా వైర్లు కాలిపోకుండా పెట్టేవి. ఒంట్లోంచి పోయే కరెంటు వాటికి లెక్కలోకే రాదు. ప్రాణం కాపాడేది, కరెంటు కాస్త లీకైనా చటుక్కున లైను ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ. ఇంకేం తగ్గించుకున్నా సరే, అది మాత్రం పెట్టించు. డబ్బు తక్కువైతే నన్నడుగు, మొహమాటపడకు.

గీజరు లైను బోర్డు దగ్గర్నుంచే విప్పించి, పైపులోంచి వైరు మొత్తం లాగేయమను. లాగడం కుదరకపోతే కొసలు కనెక్టరులో బిగించి, మూత పైకి కనపడేలా బాక్సు పెట్టాలి. దానిమీద టైలు వద్దు. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైను బతికే ఉంటుంది, అదీ ఆపించు. పై పోర్షను లైను కింది నుంచి పోతోందేమో కనుక్కో. టెస్టరుని ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి, వెలుగుతోందని చూశాకే ఆ వైరు మీద పెట్టమను. గోడ మూసేముందు ఫోటోలు తీసి దాచుకో.

ఒక్కరోజులో అన్న మాట మాత్రం వదిలెయ్. అద్దె ఒక నెల ఆలస్యంగా మొదలైనా కొంపలేం మునగవు. నువ్వు తిండి మానేసి ఆ దుమ్ములో నిలబడతావని కూడా మీ అమ్మ చెప్పింది, అదొక దిగులు. ఎలక్ట్రీషియన్ ఏ రోజు వస్తాడో ముందే చెప్పు, ఆ ముందురోజు రైలెక్కుతాను. వద్దనకు. కుర్చీ వేసుకుని ఓ పక్కన కూర్చుంటాను, మీ పెదనాన్న టెస్టరు నా దగ్గరే ఉంది.

మీ పెద్దమ్మ