చిన్న ట్రాక్‌లో బాగా గెలిచే ట్రైనర్ గుర్రాల మీదే పందెం కడితే లాభమా?

గెలుపు శాతం ఒక్కటే చూస్తే లాభం తేలదు. ఏ ధరకు (గెలిస్తే రూపాయికి ఎంత లాభం ఇస్తారన్న రేటుకు) గెలిచాయన్నదే అసలు లెక్క. 25 శాతం గెలిచే ట్రైనర్ గుర్రాలకు 2/1 ధరే (రూపాయికి రెండు రూపాయల లాభం) దొరుకుతోందనుకోండి. వంద రూపాయల చొప్పున 100 పందేలు కడితే 10,000 పెట్టినట్టు. 25 గెలుపులకు అసలుతో కలిపి తిరిగొచ్చేది 7,500. పావు వంతు పోయినట్టే! 10 శాతమే గెలిచే ట్రైనర్ గుర్రాలకు 12/1 దొరికితే మాత్రం 13,000 వస్తుంది.

ఇంగ్లండ్‌లోని కార్ట్‌మెల్‌నే తీసుకోండి. అక్కడ జంప్ రేసులు (గుర్రాలు అడ్డంకులు దూకుతూ పరిగెత్తే పందేలు) వేసవిలో కొద్ది రోజులే. ఆఖరి ఫెన్స్ దాటాక ముగింపు గీత దాకా ఇంకా 800 మీటర్లు ఉంటుంది. దానికి సరిపోయే గుర్రాన్ని ఎంచడంలో స్థానిక ట్రైనర్ జేమ్స్ మోఫట్‌కు మంచి పేరుంది. ఆ పేరు అందరికీ తెలుసు కాబట్టే ధర ముందే తగ్గిపోతుంది.

పైగా చిన్న ట్రాక్‌లో అంకెలూ తక్కువే. 20 పరుగుల్లో 6 గెలుపులంటే 30 శాతం, నిజమే. కానీ అసలు సత్తా 15 శాతమైనా, 50 శాతమైనా అలాంటి ఫలితం రావచ్చు. అందుకే నేను శాతం పక్కనపెట్టి, ఆ ధరల ప్రకారం ఎన్ని గెలవాలి, నిజంగా ఎన్ని గెలిచాయి అని పోలుస్తాను. అదీ కనీసం కొన్ని వందల పరుగులు ఉన్నప్పుడే నమ్ముతాను.